అప్పు ఒకరిది, ఫోన్లు నాకా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వసూలు ఏజెంట్ల వేధింపుల గురించి ఓ అధికారి హితబోధ వేశారు. ప్రజలు అప్రమత్తంగా ఉండాలట. ఆరోజే రాద్దామనుకున్నా, మోకాళ్ల నొప్పితో ఇన్నాళ్లు పట్టింది. కోపం మాత్రం తగ్గలేదు.

నేను ఎవరికీ పైసా బాకీ లేను. కొండ బస్సుల్లో ముప్పయ్యేళ్లు కండక్టరుగా చేశాను. నాకు తెలిసిన బాకీ అంటే టికెట్ వెనక రాసిచ్చే చిల్లరే, అదీ ప్రయాణికుడు దిగేలోపు ఇచ్చేసేవాణ్ణి. మా మేడమీద అద్దెకుండే కుర్రాడు బస్టాండు నుంచి అలిపిరికి ఆటో తోలుతాడు. ఫైనాన్స్‌లో సెల్‌ఫోన్ కొన్నాడు. కాలు విరిగి రెండు కంతులు తప్పాడు. ఫారంలో 'రెఫరెన్స్' అన్నచోట నా నంబరు రాశాడట. ఇక చూడండి, పొద్దున ఆరున్నరకు పాలవాడికంటే ముందే ఫోను, రాత్రి తొమ్మిదికి మళ్లీ ఫోను. "ఏం పెద్దాయనా, వాడు నీ పేరిచ్చినాడు గదా, నువ్వు కట్టు." ఒకరోజు ఇద్దరొచ్చి వీధంతా వినబడేలా అరిచారు. మా ఆవిడ ముగ్గు సగంలో వదిలేసి లోపలికొచ్చేసింది.

అప్పుకు పూచీపడే హామీ సంతకం వేరు, తెలిసినవాడని పేరు రాసే రెఫరెన్స్ వేరు. ఈమాత్రం తేడా తెలియనివాళ్లా వసూలుకొచ్చేది?

రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టు 12నే సర్క్యులర్ ఇచ్చింది. వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు. నలుగురిలో పరువు తీయకూడదు. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, రెఫరెన్సుల జోలికి పోకూడదు. ఏజెంటు ఏం చేసినా బాధ్యత అప్పిచ్చిన కంపెనీదే. ఆ కాగితం ప్రింటు తీయించుకుని పోలీసుల దగ్గరికెళ్లాను. చేతికి కూడా తీసుకోలేదు. "సివిల్ మ్యాటర్ సార్, మీరూ మీరూ మాట్లాడుకోండి" అన్నారు. సోమవారం అర్జీ పెట్టాను. 'మీ సమస్య పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చింది. అది చదువుతుండగానే ఏజెంటు ఫోన్!

సూక్ష్మరుణాల ఆగడాలు భరించలేక 2010లోనే ఆర్డినెన్స్ తెచ్చిన రాష్ట్రం మనది. ఇన్నేళ్లకూ మారిందల్లా ఇంటిముందు కూర్చునేవాళ్లు ఫోన్లో కూర్చోవడమే. అప్పు కాగితాలు చూస్తే అంతా ఇంగ్లిషు, అదీ చీమ తలకాయంత అక్షరాలు. సంతకం పెట్టాల్సిన చోట మాత్రం పెద్ద టిక్కు.

స్వామివారు కుబేరుడికి ఇంకా వడ్డీ కడుతూనే ఉన్నారని నమ్మే ఊరు ఇది. ఆ కుబేరుడు కూడా తిరుచానూరు వెళ్లి అమ్మవారి వాకిట్లో అరిచినట్టు నేనెక్కడా వినలేదు.

ఆ కుర్రాడు అప్పు ఎగ్గొడతాననడం లేదు, కట్టు విప్పగానే కడతానంటున్నాడు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయిస్తాను, దానికి రుసుమేమీ లేదు. ఇవాళ్టికి పదకొండో రోజు. ఈలోగా ఆ సర్క్యులర్‌ను తెలుగులో పూర్తిగా మీ పేజీలో వేయండి. కత్తిరించి మా గేటుకు అంటిస్తాను.

ఇట్లు,
ఓ విశ్రాంత కండక్టరు,
కొర్లగుంట, తిరుపతి