మీ పాటల కాపీలు ఇక మా దగ్గర 60 రోజులే

తెనాలిలో ఉన్నవాళ్లకీ, ఇక్కడి నుంచి వెళ్లి ఎక్కడెక్కడో స్థిరపడి సంక్రాంతికి సూట్‌కేసు అడుగున నాన్నగారి క్యాసెట్లు సర్దుకొచ్చేవాళ్లకీ నమస్కారం. విషయం సూటిగా చెప్పేస్తా. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి, క్యాసెట్ల నుంచి మార్చి ఇచ్చిన ఆడియోని మా షాపు కంప్యూటర్‌లో 60 రోజులు మాత్రమే ఉంచుతాం, తర్వాత తీసేస్తాం. ఇప్పటికే ఉన్నవాటికి కూడా ఆ రోజు నుంచే లెక్క. కాపీ కావాలంటే ఈలోపు ఫోన్ చేసి రండి, దానికి డబ్బులు తీసుకోం.

ఎందుకంటే రెండు కారణాలు. గంట క్యాసెట్‌ని సీడీ నాణ్యతతో వేవ్ ఫైలుగా (అంటే ఏమీ కుదించకుండా) ఎక్కిస్తే 600 ఎంబీ దాటుతుంది, గర్రుమనే శబ్దం తీసేసిన కాపీ ఇంకో 600, ఒక్కో ఇంటి నుంచి సంచీడు క్యాసెట్లు వస్తాయి, ఎన్ని హార్డ్‌డిస్కులు కొన్నా నెల తిరక్కుండా నిండిపోతున్నాయి. రెండోది, అవి మీ ఇంటి గొంతులు. తాతగారి హార్మోనియం పద్యాలు, పెళ్లిలో అత్తయ్యల మాటలు, రేడియో పక్కన టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న భక్తిరంజని, మధ్యలో ఎవరో "పాలు పొంగుతున్నాయ్" అని అరవడం. ఇవన్నీ ఏళ్ల తరబడి నా షాపులో పడి ఉండటం నాకే బాగోలేదు.

"మీ దగ్గర ఉంటుందిలే" అన్న ధీమాతోనే చాలామంది ఇంట్లో రెండో కాపీ పెట్టుకోవట్లేదు, అసలు బాధ అది. పెన్‌డ్రైవ్ ప్యాంటు జేబులో వాషింగ్ మెషీన్‌కి వెళ్లాక వస్తారు. క్యాసెట్ ఉందిగా, మళ్లీ చేయించుకుందాం అనుకుంటారు గానీ క్యాసెట్ ఆగదండీ. టేపుని హెడ్‌కి, అంటే పాటని చదివే భాగానికి, అదిమిపెట్టే చిన్న స్పాంజి ముక్క ఒకటి లోపల రేకు మీద అంటించి ఉంటుంది, జిగురు ఎండి అది ఊడిందంటే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ముక్క మారుస్తాం, కానీ టేపు మీద బూజు పట్టినచోట మేం చేయగలిగింది తక్కువ. నాలుగేళ్ల క్రితం ఎక్కించినంత బాగా ఇవాళ రాకపోవచ్చు.

అందుకని ఇకపై ఏ పనైనా రెండు సెట్లు ఇస్తాం. ఒకటి ఎంపీ3, కారుకీ ఫోనుకీ. ఇంకోటి ఫ్లాక్ అనే రకం ఫైలు, అది వేవ్‌లో దాదాపు సగం జాగాలో సరిపోతుంది, నాణ్యత ఏమీ పోదు. ఈ రెండోదాన్ని వినడానికి వాడకండి, విడిగా దాచండి, వీలైతే వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఇంకో కాపీ పెట్టండి. ఎక్కించే రేటు పాతదే, రెండో పెన్‌డ్రైవ్ మీరే తెచ్చుకోవచ్చు.

ఇక సింక్ గొడవ. ఈ మధ్య క్యాసెట్ల కంటే దీనికే ఎక్కువమంది వస్తున్నారు. సింక్ అయిందంటే బ్యాకప్ అయినట్టే అనుకుంటున్నారు, కాదు. సింక్ పని రెండు చోట్లా ఒకేలా చేయడం, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుపుతుంది. గూగుల్ డ్రైవ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్‌లోంచి ల్యాప్‌టాప్‌లో పాటలు తీసేస్తే క్లౌడ్‌లోవి కూడా ట్రాష్‌కి పోతాయి, అక్కడ 30 రోజులే ఉంటాయి. పైగా ఉచితంగా ఇచ్చే 15 జీబీ మీ జీమెయిల్‌తో, ఫొటోలతో కలిపి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది పాత ఐపాడ్. అమెరికా నుంచి అబ్బాయి పాటలు నింపి పంపిందే ఉంటుంది, నింపిన ల్యాప్‌టాప్ ఎప్పుడో పోయుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఐట్యూన్స్ (ఐపాడ్‌లో పాటలు నింపే ఆపిల్ ప్రోగ్రాం), ఇది వేరే లైబ్రరీతో, అంటే వేరే పాటల జాబితాతో, సింక్ అయి ఉంది, ఇందులోవి చెరిపేసి దీనితో సింక్ చేయమంటారా అని అడుగుతుంది. కొత్త లైబ్రరీ ఖాళీ. సరే అని నొక్కారంటే ఐపాడ్ కూడా ఖాళీ. నొక్కకుండా తెస్తే మాత్రం క్లాసిక్, నానో రకాల్లో పాటలు బయటికి తీయొచ్చు. డిస్కులా తెరిచి, దాచిన ఫోల్డర్లు కనపడేట్టు పెడితే ఎఫ్00, ఎఫ్01 అని వరసగా ఫోల్డర్లు, వాటిలో అర్థంపర్థం లేని నాలుగక్షరాల పేర్లతో ఫైళ్లు ఉంటాయి. చూసి కంగారు పడొద్దు, పాట పేరూ పాడినవాళ్ల పేరూ ఫైలు లోపలే రాసి ఉంటాయి కాబట్టి పేర్లు తిరిగి పెట్టొచ్చు. ఇకమీదట ఇలా పాటలన్నీ బయటికి తీసి పెట్టాకే సింక్ జోలికి వెళ్తాం. "ఐదు నిమిషాల పనేగా, నిలబడతా" అంటే కుదరదు, ఒక రోజు వదిలి వెళ్లాల్సిందే.

ఐట్యూన్స్ వాడేవాళ్లకి ఇంకో మాట. లైబ్రరీ ఫైలు వేరు, పాటలు వేరు. పాటలు డీ డ్రైవ్‌లో ఉండిపోయి లైబ్రరీ ఒక్కటే కాపీ చేసుకుంటే, కొత్త కంప్యూటర్‌లో పేర్లన్నీ కనపడతాయి, నొక్కితే పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు వస్తుంది. ముందు ఐట్యూన్స్‌లోనే ఉండే కన్సాలిడేట్ అనే ఆప్షన్‌తో అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి తెచ్చుకుని, ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. మ్యాక్‌లో ఐట్యూన్స్ మాయమైందని అడుగుతున్నారు, 2019లో వచ్చిన కాటలినా అనే మ్యాక్ వెర్షన్ నుంచి పాటలు మ్యూజిక్ యాప్‌లో, ఐపాడ్ సింక్ ఫైండర్‌లో (మ్యాక్‌లో ఫైళ్లు చూసే చోటు).

కారు స్టీరియోలో పాడట్లేదంటే చాలాసార్లు తప్పు పాటది కాదు. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌తో వస్తాయి, పాత స్టీరియోలు చాలావాటికి ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ కావాలి. కొన్ని స్టీరియోలు పేర్ల వరసలో కాకుండా కాపీ అయిన వరసలో పాడతాయి, హరికథ రెండో భాగం ముందు వచ్చేది అందుకే. మ్యాక్‌లోంచి ఎక్కిస్తే చుక్కతో మొదలయ్యే చిట్టి ఫైళ్లు కూడా పడతాయి, స్టీరియో వాటినీ పాటలనుకుని నోరు తెరిచి ఊరుకుంటుంది. తెలుగు పేర్లు డబ్బాలుగా కనపడుతున్నాయని చెప్పారు కాబట్టి, ఎంపీ3 సెట్‌కి ముందు అంకె వేసి ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెడుతున్నాం, ఫ్లాక్ సెట్‌లో తెలుగే ఉంటుంది.

కొత్త సినిమా పాటలు ఎక్కించమని ఇంకా అడుగుతున్నారు. అది మానేశాం, మొహమాటపెట్టకండి.

ఐపాడ్ తెచ్చేవాళ్లు దయచేసి కేబుల్ కూడా తెండి. ఆ వెడల్పాటి 30 పిన్నుల కేబుల్ మా దగ్గర ఒక్కటే మిగిలింది, అది కూడా వంచి పట్టుకుంటేనే పనిచేస్తోంది.