స్వింగ్ ఆర్మ్ మార్చేముందు కొలతలు చూడండి

సంపాదకులకు నమస్కారం.

పాత బైకులకు వేరే మోడల్ స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపి పట్టి ఉంచే భాగం) బిగించేవారు ముందు పివట్ (ఆర్మ్ ఫ్రేమ్‌కు తగులుకుని పైకీ కిందికీ కదిలే చోటు) బోల్టు మందం, ఫ్రేమ్ లోపలి వెడల్పు వెర్నియర్ కొలబద్దతో కొలవాలి. ఆర్మ్‌కు, ఫ్రేమ్‌కు మధ్య ఖాళీని ఒకవైపే వాషర్లతో నింపితే చక్రం పక్కకు జరిగి చైను, స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) పళ్లు త్వరగా అరిగిపోతాయి. తగిన బుష్‌ను (బోల్టుకు తొడిగే గొట్టం) లేత్‌పై చేయించుకోవడమే సరైన దారి. బోల్టు రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేయడం మాత్రం ప్రమాదం.

షాక్ అబ్జార్బర్లు తగిలించకముందే, పివట్ నట్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి ఆర్మ్‌ను ఎత్తి వదలండి. తన బరువుకే మెల్లగా దిగాలి, పక్కలకు ఊగకూడదు. రెండు స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం లాగి చూడాలి. చైను వదులును పివట్, వెనుక ఇరుసు, ముందు స్ప్రాకెట్ వరుసలోకి వచ్చినప్పుడే చూడాలి. చైను ఎక్కువగా బిగిసేది అక్కడే. షాక్ బిగింపు చోటు పివట్‌కు దగ్గరైతే పాత స్ప్రింగే మెత్తగా పనిచేస్తుంది, మడ్‌గార్డ్‌కు టైరు తగులుతుంది. ఆర్మ్ పొడవైతే బ్రేక్ గొట్టం చాలదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా చదువుకోండి. తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను అది నిషేధిస్తుంది. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడగడం మంచిది.

– బైక్ మెకానిక్‌లు, విజయవాడ