2022 వార్షిక నివేదిక: పండుగలు, ఓట్లు, ఇతర పనులు

సభ్యులందరికీ నమస్కారం. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో మన తెలుగు సంఘం ఏం చేస్తుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. సంక్రాంతి ఒమిక్రాన్ పుణ్యమా అని ఆన్‌లైన్‌లోనే గడిచింది. ఉగాది, బతుకమ్మ, దీపావళి హాల్లో జరిగాయి. బతుకమ్మకు పూలు దొరక్క సూపర్ మార్కెట్ బంతిపూలతో, కాగితం పూలతో సర్దిన మహిళా బృందానికి, తెలుగు బడి పిల్లలకు శనివారం నిద్ర మానుకుని చదువు చెప్పిన మాస్టార్లకు, గిన్నెలు కడిగి తాళాలు అప్పజెప్పేదాకా ఉన్న నలుగురు కుర్రాళ్లకు కార్యవర్గం తరఫున ధన్యవాదాలు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సిన పని మాత్రం ఉగాది నాటి నమూనా ఎన్నిక. శుభకృత్ ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది, ఇక్కడి కౌన్సిల్ (నగర పాలక సంస్థ) ఎన్నికలు మే 5న. ఓటర్ల నమోదుకు గడువు ఏప్రిల్ 18. “మనది ఇండియన్ పాస్‌పోర్టు, ఇక్కడ మనకు ఓటెక్కడిది?” అని అడిగినవాళ్లు మన సభ్యుల్లో బోలెడుమంది. కామన్వెల్త్ దేశాల పౌరులకు ఇక్కడ ఓటు ఎప్పటినుంచో ఉంది. 2020లో వచ్చిన చట్టంతో, స్కాట్లాండ్‌లో చట్టబద్ధంగా ఉంటున్న ఏ దేశస్థులకైనా కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు దక్కింది. స్టూడెంట్ వీసా అయినా పర్వాలేదు, 16 నిండితే చాలు. ఇది తెలియక ఏళ్ల తరబడి ఓటు వదులుకున్న సీనియర్ సభ్యులు ఉన్నారు. పేర్లు చెప్పను.

ఓటు వేసే పద్ధతే అసలు టెన్షన్. ఇక్కడ బటన్ నొక్కడం ఉండదు. పెన్సిల్‌తో 1, 2, 3 అని నచ్చిన వరసలో అంకెలు వేయాలి. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రాధాన్యత ఓటు లాంటిదే, కాకపోతే ఒక్కో వార్డు నుంచి ఎక్కువగా ముగ్గురో నలుగురో గెలుస్తారు. 2021లో హైదరాబాద్ స్థానానికి 93 మంది పోటీ చేస్తే దినపత్రిక అంత బ్యాలెట్ ఇచ్చారు, లెక్కింపు రోజుల తరబడి సాగింది, డిగ్రీలు చదివినవాళ్ల ఓట్లే వేలల్లో చెల్లలేదు. మనవాళ్లు ఇక్కడా అదే చేస్తారేమోనని మా భయం.

అందుకే వంటకాలను పోటీకి నిలబెట్టాం. ఐదుగురు అభ్యర్థులు, మూడు సీట్లు. ప్లేటు తీసుకునే ముందు ఓటు వేయాలన్నది నిబంధన. చెల్లిన ఓట్లు 80. వాటిని నాలుగుతో (సీట్ల కన్నా ఒకటి ఎక్కువ) భాగించి ఒకటి కలిపితే 21, అదే గెలుపు గీత. మొదటి ప్రాధాన్యతలో పులిహోరకు 30, బొబ్బట్లకు 21, ఉప్మాకు 11, గోంగూరకు 10, గారెలకు 8. ఉప్మాకు 11 ఎలా వచ్చాయో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోవడం లేదు.

పులిహోర, బొబ్బట్లు అప్పటికే గెలిచాయి. పులిహోర మిగులు 9 ఓట్లు. ఆ 30 కాగితాలూ ఒక్కొక్కటి 0.3 విలువతో (9ని 30తో భాగిస్తే వచ్చేది) తర్వాతి ఎంపికకు వెళ్తాయి. “నా ఓటును ముక్కలు చేస్తారా?” అని ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. ముక్క కాదండీ, గెలుపుకు అక్కర్లేని వంతు మాత్రమే ముందుకు వెళ్తుందని చెప్పాం. అందులో 20 కాగితాలు గారెలకు, 10 గోంగూరకు వెళ్లాయి. గారెలు 14, గోంగూర 13, ఉప్మా ఉన్నచోటే. అందరికన్నా వెనకబడ్డ ఉప్మాను తప్పిస్తే దాని 11 కాగితాల్లో 7 గారెలకే వచ్చాయి. సరిగ్గా 21! ఆఖరి స్థానంలో మొదలైన గారెలు మూడో సీటు గెలిచేసరికి పిల్లలు బల్లలు ఎక్కేశారు. రెండు మూడు వంటకాలకు టిక్కులు పెట్టినవాళ్ల ఓట్లు చెల్లలేదు. ఆ తప్పు అక్కడే బయటపడటం మంచిదైంది.

స్కాట్లాండ్ కౌన్సిల్ ఎన్నికల్లోకి ఈ పద్ధతి 2004 చట్టంతో వచ్చింది, మొదటిసారి 2007లో వాడారు. అంతకుముందు, వార్డుకు ఒక్కరే గెలిచే పాత పద్ధతిలో, 2003లో గ్లాస్గోలో లేబర్ పార్టీ సగానికి తక్కువ ఓట్లతో 79లో 71 సీట్లు ఎగరేసుకుపోయింది. ఇప్పుడలా కుదరదు. మే 5న మన నగరంలో 63 స్థానాల్లో ఎస్‌ఎన్‌పీకి (స్కాటిష్ నేషనల్ పార్టీ) 19, లేబర్‌కు 13, లిబ్ డెమ్‌కు (లిబరల్ డెమోక్రాట్లు) 12, గ్రీన్స్‌కు 10, కన్జర్వేటివ్‌కు 9. చివరికి పాలన చేపట్టింది 13 మంది ఉన్న లేబరే, లిబ్ డెమ్, కన్జర్వేటివ్ మద్దతుతో. ఇది బాగుందా లేదా అన్నది మీ ఇష్టం. మనది ఛారిటీ, పార్టీల గొడవ మనకొద్దు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. బ్యాలెట్‌లో పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి, పైన ఉన్నవాళ్లకే ‘1’ ఎక్కువ పడుతుంది. యలమంచిలి, వేమూరి వారు పోటీ చేయదలిస్తే ఇది గుర్తుంచుకోవాలి.

ఇక బాధ. ఓటర్ల నమోదు డెస్కులో కూర్చోవడానికి వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవాళ్లు ఇరవై మందికి పైనే, వచ్చింది ముగ్గురు. అవగాహన సామగ్రి కోసం ఒక కార్యాలయానికి రాసిన మెయిల్‌కు ఎన్నికలయ్యాక జవాబొచ్చింది, మా ఆసక్తికి అభినందనలట. పోలింగ్ రోజు ఇక్కడ ఆఫీసులకు సెలవుండదు, నిజమే. కానీ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా టైముంది. ఆగస్టులో పారిశుధ్య కార్మికుల సమ్మెతో వీధుల్లో చెత్త పేరుకున్నప్పుడు గ్రూపులో అందరికన్నా ఎక్కువ ఫోటోలు పెట్టినవాళ్లలో మేలో ఓటు వేయనివాళ్లే ఎక్కువ. మీ వార్డులో ముగ్గురో నలుగురో కౌన్సిలర్లు ఉన్నారు. ఒకరు పలక్కపోతే ఇంకొకరికి రాయొచ్చు, ఈ పద్ధతిలో ఉన్న లాభమే అది.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. హాలు అద్దె పెరిగింది, చందాలు పెరగలేదు, కొద్దిగా మిగిలింది. ఆడిట్ అయింది.

తర్వాతి కౌన్సిల్ ఎన్నికలు 2027 మేలో. బ్యాలెట్ పెట్టె ప్రస్తుతానికి మా ఇంట్లో ఉంది, ఎవరైనా తీసుకెళ్తే మా ఆవిడ సంతోషిస్తుంది. మన కార్యవర్గ ఎన్నికకు మాత్రం ప్రాధాన్యతలూ బదిలీలూ అక్కర్లేదు. ఏడు స్థానాలకు వచ్చిన నామినేషన్లు ఐదు. టీ విరామం ముగిసేలోపు ఇంకో ఇద్దరు పేర్లు ఇవ్వవలసిందిగా మనవి.

కార్యదర్శి