అయిపోయాక ఫొటో వేస్తే ఏం లాభం?

ఎడిటర్ గారికి నమస్కారం.

యూనివర్సిటీల్లో జరిగే నాటకాలు, నృత్య ప్రదర్శనలు, ఒపేరాల (కథంతా పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకాల) గురించి మీ పేపర్లో ఎప్పుడు చూసినా ఒకటే వరస. అంతా అయిపోయిన మర్నాడు లోపలి పేజీలో ఒక ఫొటో, కింద "విద్యార్థుల ప్రదర్శన ఆద్యంతం ఆకట్టుకుంది" అని ఒక వాక్యం. ఎవర్ని ఆకట్టుకుందండీ? వెళ్లినవాళ్లని. మిగతా మేమంతా ఆ ఫొటో చూసి "అరే, ఇదెప్పుడు జరిగింది?" అనుకోవడమే. తప్పంతా మీదే అనను. యూనివర్సిటీ వాళ్లు కూడా రెండు రోజుల ముందు నోటీసు బోర్డుకి ఒక పోస్టర్ అంటించి, ప్రచారం అయిపోయిందని చేతులు దులుపుకుంటారు. కానీ ఏ నాటకం, ఏ తేదీన అన్నది నెలల ముందే ఖరారవుతుంది, లేకపోతే రిహార్సల్స్ ఎలా మొదలవుతాయి? ఆ జాబితా ముందే తెప్పించుకుని వేయడం పేపరుకి పెద్ద పనేం కాదు.

సినిమా అయితే ఈ వారం కాకపోతే వచ్చే వారం చూడొచ్చు. ఇది అలా కాదు. హాలు ఒక్కటే, దాని కోసం నాటకం వాళ్లు, డాన్స్ వాళ్లు, సంగీతం వాళ్లు వంతులేసుకుంటారు, మధ్యలో పరీక్షలు. అందుకని చాలా ప్రదర్శనలు మూడు నాలుగు రోజుల్లో ముగిసిపోతాయి. చివరి రోజు తెర పడగానే, ఇంకా మేకప్ కూడా తుడుచుకోని పిల్లలే సుత్తులు, స్క్రూడ్రైవర్లు పట్టుకుని సెట్ విప్పేస్తారు, పొద్దునకల్లా వేరేవాళ్లకి స్టేజీ ఖాళీ చేసి ఇవ్వాలి మరి. మీ ఫొటో అచ్చయ్యేసరికి ఆ గోడలూ కిటికీలూ గోడౌన్లో ఉంటాయి.

"స్టూడెంట్సే కదా, ఏం చేస్తారులే" అనే చిన్నచూపు ఒకటుంది. ఇది చాలామందిలో ఉంది, మీ డెస్కులో కూడా ఉందని నా అనుమానం. ఇలా అనేవాళ్లకి గుర్తు చేయాల్సింది ఏంటంటే, మన ఆధునిక నాటక రంగం స్టేజీ ఎక్కిందే విద్యార్థులతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించింది శిష్యుల చేతే. ఒపేరా సంగతి కూడా అంతే. ఇంగ్లిష్ ఒపేరాల్లో ఇప్పటికీ ఎంతో ఇష్టంగా ఆడేది పర్సెల్ అనే స్వరకర్త కూర్చిన 'డైడో అండ్ ఈనియస్', దాన్ని 1689 నాటికే లండన్ దగ్గర చెల్సీలో ఒక ఆడపిల్లల బడిలో ప్రదర్శించారు, ఆ బడి నడిపినాయన డాన్స్ మాస్టరు. అమెరికన్ నాటక రచయిత యూజీన్ ఓనీల్ నాటక రచన నేర్చుకోవడానికి చేరింది హార్వర్డ్‌లో బేకర్ అనే ప్రొఫెసర్ క్లాసులో, 1914లో. 1936లో ఆయనకి నోబెల్ వచ్చింది. అలాగని ప్రతి యూనివర్సిటీ నాటకమూ అద్భుతమని కాదు, కొన్ని చూస్తుంటే వాచీ మీదికే కళ్లు పోతాయి, ఆ మాట కూడా రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఒపేరా అనగానే జనం మరీ బెదిరిపోతారు. తెలియని భాష, మూడు గంటలు, అరుపులు అని. నిజానికి ఆ పిల్లలు చేసేది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మైకు ఉండదు. స్టేజీ ముందున్న గుంటలో వయొలిన్లు, బాకాలు, డ్రమ్ములు కలిపి వాయిస్తుంటే, ఇరవయ్యో ఇరవై రెండో ఏళ్ల అబ్బాయి ఒక్కడే నిలబడి పాడితే ఆఖరి వరుసకి స్పష్టంగా వినబడుతుంది. గట్టిగా అరవడం వల్ల కాదది. శిక్షణ పొందిన గొంతులో మూడు వేల హెర్ట్జ్ (సెకనుకి మూడు వేల కంపనాలు) చుట్టుపక్కల శక్తి ఎక్కువగా చేరుతుంది, ఆర్కెస్ట్రా మోత సరిగ్గా అక్కడ పలచగా ఉంటుంది, ఆ సందులోంచి గొంతు దూసుకొస్తుంది. ఇలాంటి గొంతు పూర్తిగా పక్వానికి రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి టీచర్లు పిల్లలకి ఎక్కువగా మొజార్ట్ సంగీతంలాంటి తేలికైనవి ఇస్తారు, వాగ్నర్ అనే స్వరకర్త ఒపేరాల బరువు అప్పుడే నెత్తిన పెట్టరు. వరసగా రెండు రాత్రులు పెద్ద పాత్ర పాడితే గొంతు పాడవుతుందని చాలాచోట్ల ఒకే పాత్రకి ఇద్దర్ని పెట్టి రోజు మార్చి రోజు పాడిస్తారు. మీ అమ్మాయి స్నేహితురాలు ఏ రోజు పాడుతుందో తెలియక వెళ్తే ఆ రోజు ఇంకెవరో ఉంటారన్నమాట. ఇలాంటివే కదండీ పేపర్లో ముందు వేయాల్సినవి!

భాష సమస్య కూడా పాత మాటే. 1983లో టొరంటోలో కెనడియన్ ఒపేరా కంపెనీ 'ఎలెక్ట్రా' అనే జర్మన్ ఒపేరా ఆడినప్పుడు స్టేజీకి పైభాగాన తెర మీద అనువాదం వేసి చూపించారు, అప్పట్నుంచి అది ప్రపంచమంతా పాకింది. ఫలానా ప్రదర్శనకి ఆ సదుపాయం ఉందా లేదా అని ఒక్క ముక్క రాస్తే సగం మంది భయం పోతుంది.

నృత్యం విషయంలో ఇంకా దారుణం. ఏ రీతి, ఎవరు కూర్చారు, గంటసేపు ఒకటే అంశమా లేక అయిదారు చిన్న చిన్నవా, ఏదీ ఉండదు, "నృత్య ప్రదర్శన" అని రెండు మాటలు, అంతే. చిన్న హాల్లో విద్యార్థులు తామే కూర్చుకుని ఆడేవి ఉంటాయి చూడండి, అవి మొదటి వరుసలో కూర్చుని చూడాలి. పాదం నేలని తాకిన చప్పుడు, ఊపిరి అందక ఎగశ్వాస తీయడం, పక్కవాడు ఒక అర క్షణం ఆలస్యంగా గెంతితే కళ్లతోనే సర్దుకోవడం, అన్నీ తెలుస్తాయి. పెద్ద పెద్ద ఆడిటోరియంలలో ఇది దొరకదు. ఇలాంటి వాటికి చాలాసార్లు టికెట్ కూడా ఉండదు, అయినా ఖాళీ కుర్చీలే, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

కాబట్టి నేనడిగేది చిన్నదే. నెలకోసారి, మొదటి ఆదివారం అనుకోండి, పావు పేజీ చాలు. ప్రదర్శన పేరు, తేదీలు, టైము, ఎంతసేపు ఉంటుంది, ఇంటర్వెల్ ఉందా, ఏ భాష, చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా, బయటివాళ్లని రానిస్తారా, పాస్ ఎక్కడ తీసుకోవాలి. ఈ ఆఖరి రెండూ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే క్యాంపస్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపి "ఎవరు కావాలి సార్?" అంటాడేమోనన్న మొహమాటంతోనే సగం మంది ఇంట్లో ఉండిపోతారు. యూనివర్సిటీ వాళ్లు వివరాలు పంపకపోతే మీరే ఫోన్ చేసి అడగండి, పేపరు నుంచి ఫోన్ వస్తే వాళ్లే పరిగెత్తుకొస్తారు. ఫొటో వేసే అలవాటు మానలేకపోతే రిహార్సల్ ఫొటో వేయండి, చెమటతో, కాస్ట్యూములు లేకుండా ఉన్నా పర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు