మా కోచ్ అన్న దరఖాస్తు గురించి మంత్రి గారికి

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం. తిరుపతిలో నాకొక చిన్న జిరాక్స్ షాపు ఉంది. అంతకు ముందు పదేళ్ళు మా పేట ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్‌ని. ఈ లేఖ మా కోచ్ గురించి. తన పేరు రాయొద్దన్నాడు కాబట్టి అన్న అనే రాస్తాను. ఇక్కడ పిలకాయల దగ్గర్నుంచి వాళ్ళ నాయనల దాకా అందరూ పిలిచేది అలాగే.

అన్న మా జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు. మోకాలు పోయాక ఆట మానేశాడు గానీ గ్రౌండు మానలేదు. ఇరవై రెండేళ్ళుగా పొద్దున ఐదున్నరకు వచ్చి, ముందు గ్రౌండంతా ఒక చుట్టు తిరిగి సీసా పెంకులు ఏరతాడు. (రాత్రిపూట అక్కడ ఏం జరుగుతుందో తమరికి చెప్పక్కర్లేదు.) ఆ తర్వాత సున్నంతో గీతలు. బంతి కుట్లు ఊడితే చెప్పులు కుట్టే ఆయన పక్కన కూర్చుని కుట్టించుకొస్తాడు. దీనికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు.

మొన్న కాంట్రాక్టు కోచ్ పోస్టు పడిందంటే బలవంతాన దరఖాస్తు పెట్టించాం. కాగితాలు జిరాక్స్ తీసింది నేనే. ఆధార్, పదో తరగతి మార్కుల లిస్టు, ఎప్పుడో ఒక టోర్నమెంటులో ఇచ్చిన సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ లామినేషన్ లోపల చెమ్మ పట్టి పచ్చబడింది, మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా పేరు సరిగా పడలేదు. మూడు కాపీలు తీశాను. కిటికీ దగ్గర గుమాస్తా రెండు నిమిషాల్లో వెనక్కిచ్చేశాడు. పాటియాలా జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమా లేదు, ఫుట్‌బాల్ కోచ్ లైసెన్స్ లేదు. రూలు ప్రకారం ఆయన చేసింది తప్పేం కాదు, ఒప్పుకుంటాను.

ఆ రాత్రి నాకు ఇంగ్లండులోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బును ఒకప్పుడు నడిపిన బాబ్ పైస్లీ గుర్తొచ్చాడు. నాకు ఆ క్లబ్బంటే పిచ్చి, రెండు ముక్కలు చెప్పనివ్వండి. పైస్లీ 1919లో ఇంగ్లండులో ఒక బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. తాపీపని నేర్చుకున్నాడు. 1939లో లివర్‌పూల్‌లో చేరీచేరకముందే యుద్ధం వచ్చింది. ఫిరంగి దళంలో పనిచేసి తిరిగొచ్చి, 1947లో ఇంగ్లండు లీగ్ గెలిచిన జట్టులో ఆడాడు. ఓడితే ఇంటికే అనే ఇంగ్లండు పోటీ ఎఫ్ఏ కప్, 1950లో దాని సెమీఫైనల్లో అదే ఊరి ఎవర్టన్ మీద గోల్ కొట్టాడు. తీరా ఫైనల్‌కు జట్టులో ఆయన పేరే లేదు! మనవాళ్ళైతే ఆ సాయంత్రమే సంచి సర్దేసేవాళ్ళు. ఆయన క్లబ్బు వదల్లేదు. 1954లో ఆట ఆపేశాక ఫిజియోథెరపీ పాఠాలు పోస్టులో తెప్పించుకుని చదివాడు, రిజర్వ్ జట్టును చూసుకున్నాడు. 1959 చివర్లో బిల్ షాంక్లీ కొత్త మేనేజర్‌గా వచ్చాడు. మేనేజర్ అంటే అక్కడ లెక్కలు చూసే మనిషి కాదు, జట్టును నడిపే పెద్ద. వచ్చినాయన పాతవాళ్ళను పంపించేయకుండా పైస్లీని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. బూట్లు పెట్టే గదిలోనే వాళ్ళ మీటింగులు.

1974లో షాంక్లీ తప్పుకుంటే కుర్చీ పైస్లీకి వచ్చింది. అప్పుడూ ఆయనకు పెద్దగా ఇష్టం లేదు. మొదటి ఏడాది లీగ్ రాలేదు, అయినా ఆయన్ని ఎవరూ కదిలించలేదు. తొమ్మిదేళ్ళలో ఆరు లీగ్ టైటిళ్ళు, 1977, 1978, 1981లో యూరప్ క్లబ్బులన్నిటికీ పెద్ద పోటీ అయిన యూరోపియన్ కప్పు. ఒకే గేటు లోపల నలభై నాలుగేళ్ళు.

ఆటగాడు నడిచే తీరు చూసే దెబ్బ ఎక్కడో పైస్లీ చెప్పేవాడంటారు. అన్నకూ ఆ కన్ను ఉంది. పోయిన నెల కొర్లగుంట పిల్లోడొకడు మామూలుగానే పరిగెడుతున్నాడు. అన్న ఆపి బూటు విప్పించాడు. చీలమండ నిమ్మకాయంత వాచి ఉంది. టీములోంచి తీసేస్తారని వాడు చెప్పలేదట. గాయపడ్డ లివర్‌పూల్ ఆటగాడు ఎమ్లిన్ హ్యూజ్‌ను 1968లో పైస్లీ వీపున మోసుకెళ్ళాడు, క్లబ్బు గ్రౌండు ఆన్‌ఫీల్డ్ బయట ఆ విగ్రహం పెట్టారు. మా అన్న మోయలేదు లెండి, మోకాలు ఒప్పుకోదు. టీవీఎస్ మీద రుయా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

డిప్లొమాలు వద్దని నేననను. మాకు వచ్చిన కొత్త సారు బాగా చదువుకున్నోడు, మంచోడు కూడా. ఆయనదీ ఏడాది కాంట్రాక్టే. ఏటా ఇలా మారితే పిలకాయలకు సార్ల పేర్లు నేర్చుకోవడంతోనే సరిపోతుంది. నేనడిగేది చిన్నది. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే డి లైసెన్స్ కోర్సు ఒక్కసారి తిరుపతిలో పెట్టించండి, పాఠం తెలుగులో చెప్పించండి, మా అన్నలాంటి పాత ఆటగాళ్ళ ఫీజు శాఖే కట్టాలి. పాసైతే గ్రౌండులో గడిపిన ఏళ్ళను అనుభవం కింద లెక్కగట్టి, అదే గ్రౌండులో ఉండనివ్వండి. ఫెయిలైతే మళ్ళీ మీ దగ్గరికి రాను.

ఆ దరఖాస్తు మూడు కాపీలూ నా షాపు సొరుగులో ఉన్నాయి. మీ ఆఫీసు నుంచి ఎవరడిగినా ఆ రోజే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాత గోల్‌కీపర్,
తిరుపతి