ప్రతి పొరా ఆవిరిని ఆపదు

సంపాదకుల వారికి,

ఎండలు ముదిరితే చాలు, జలాశయాల మీద నూనె పొర పరిస్తే నీరు ఆవిరి కాదన్న మాట మళ్లీ వినిపిస్తుంది. అందులో సగమే నిజం. ఏ పదార్థం, దాని అణువులు ఎలా అమరుతాయి అన్నదే అసలు సంగతి. మైనంలాంటి సెటైల్ ఆల్కహాల్ అణువులు నీటిని ఇష్టపడే కొసను (తల) నీటిలో, ఇష్టపడని పొడవాటి కొసను (తోక) గాలిలో పెట్టి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిటారుగా నిలబడతాయి. పొర మందం ఒక్క అణువే, దాదాపు 2 నానోమీటర్లు. అయినా నీటి అణువులు బయటపడే దారి చాలావరకు మూసుకుపోతుంది. ఆలివ్ నూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లమూ ఇలాగే పరుచుకుంటుంది గానీ దాని తోకలో వంపు ఉంది. అణువులు దగ్గరగా ఇమడవు, ఆవిరి దాదాపు మామూలుగానే పోతుంది. ఎంత అందమైన తేడా! పలుచని పొరలు ఆవిరిని తగ్గించగలవని బ్రిటన్ రసాయన శాస్త్రవేత్త ఎరిక్ రైడీల్ 1925లోనే చూపారు.

ప్రయోగశాల తొట్టిలో ఫలితం బాగుంటుంది. బయట గాలి వీస్తే పొర ఒడ్డుకు కొట్టుకుపోతుంది, దుమ్మూ సూక్ష్మజీవులూ దాన్ని చెరుపుతాయి. పైగా ఆవిరి తగ్గిన నీరు కాస్త వేడెక్కి, ఆ వేడి లాభంలో కొంత తినేస్తుంది. కాబట్టి ఏ పదార్థం వాడారో, ఎంత గాలిలో పరీక్షించారో, పొర ఎంతసేపు నిలిచిందో చెప్పకుండా ‘ఇంత శాతం ఆదా’ అనే ప్రకటనలను దయచేసి వార్తగా అచ్చు వేయకండి.

– ఒక పాఠకుడు