వార్షిక నివేదిక: గుంటూరు జె.ఎం.జె. సిస్టర్ల చరిత్ర సేకరణ

సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు అప్పగించిన పని జె.ఎం.జె. అనే కథోలిక సన్యాసినుల సభకు చెందిన సిస్టర్ల చరిత్రను కూడదీయడం. ఈ ఏడాది సంఘం సమయమంతా దాదాపు దానికే పోయింది. మిగతా కార్యక్రమాలు పలచబడ్డాయన్న విమర్శ న్యాయమైనదే.

యేసు, మరియ, జోజప్పల (ఇంగ్లీషులో జీసస్, మేరీ, జోసఫ్) పేరిట ఈ సభ పుట్టింది హాలండ్‌లో. జెస్యూట్ సభకు చెందిన కథోలిక గురువు మత్తియాస్ వోల్ఫ్ 1822లో అమెర్స్‌ఫూర్ట్‌లో స్థాపించారు. అక్కడి సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. గుంటూరు మేత్రాసనం, అంటే బిషప్పు ఏలుబడిలోని చర్చి ప్రాంతం, ఏర్పడింది 1940లో. అంటే బిషప్పు కంటే ముందే ఊళ్లో సిస్టర్లున్నారు.

మా ప్రసంగాల్లో హాలు నిండింది డాక్టర్ మేరీ గ్లౌరీ గురించి మాట్లాడిన రోజునే. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1887లో పుట్టి, మెల్‌బోర్న్‌లో వైద్యం చదివి, అక్కడే ప్రాక్టీసు చేస్తున్నారామె. పరాయి మగవాడి చేత నాడి చూపించుకోలేక భారతదేశంలో ఆడవాళ్లు, పసిబిడ్డలు చనిపోతున్నారని 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివారు. ఎం.డి. పూర్తిచేసి 1920లో గుంటూరు చేరారు. తెలుగు నేర్చుకున్నారు. సభలో చేరి సిస్టర్ అయ్యారు.

చిక్కు అక్కడే వచ్చింది. సిస్టర్లు వైద్యవృత్తి చేయడాన్ని ఆనాటి చర్చి చట్టం ఒప్పుకోదు. పోపుగారు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆమె స్టెతస్కోపు పట్టడానికి లేదు. ఆ అనుమతి వచ్చింది. సిస్టర్లు పురుళ్లు పోయవచ్చని రోము అందరికీ చెప్పింది 1936లో. అప్పటికి గుంటూరులో ఈ సిస్టర్ పదహారేళ్లుగా ఉన్నారు. చట్టం కదలడానికి ఊళ్లోని అవసరమే దారి చూపిందని నా అభిప్రాయం. ప్రసంగం తర్వాత కొందరు పెద్దలు దీనితో విభేదించారు.

చిన్న మందుల గది సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. దేశంలోని కథోలిక ఆసుపత్రులను ఒక్కతాటిపైకి తెచ్చే సంఘం కూడా 1943లో గుంటూరులోనే, ఆమె చొరవతో మొదలైంది. ఆమె కోరుకున్న కథోలిక వైద్య కళాశాల బెంగుళూరులో 1963లో తెరుచుకుంది. కానీ అంతకుముందే, 1957లో అదే నగరంలో ఆమె కన్నుమూశారు. 2013లో చర్చి ఆమెను దైవసేవకురాలిగా, అంటే పునీతురాలిగా గుర్తించే దారిలో మొదటి మెట్టుగా, ప్రకటించింది.

ఇక మా సేకరణలోని లోటు. ఆమె స్థానిక స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా, మందులు కలిపేవారిగా శిక్షణ ఇచ్చారు. వారి పేర్లు మాకు దొరకలేదు. సభ్యులిచ్చిన పాత ఫొటోల్లో డాక్టరమ్మను అందరూ గుర్తుపట్టారు, పక్కన నిలబడ్డ తెలుగు అమ్మాయిలను ఎవరూ గుర్తుపట్టలేదు. ఇంతవరకు చరిత్ర రాసిన తీరే అది. వచ్చే ఏడాది ఆ కుటుంబాలను వెతకాలని కార్యవర్గం తీర్మానించింది. మీ ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో అక్కడ పనిచేసి ఉంటే కబురు చేయండి. ఫొటోలు నకలు తీసుకుని వెంటనే తిరిగిస్తాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. చందా బాకీలు సమావేశంలోపు చెల్లించగలరు.

కార్యదర్శి